పాత పలుపు, కొత్త కార్డు

ఆ రోజుల్లో మనిషికి ఊరికే వచ్చేది ఒక్కటే, కొసరు. వంకాయలు కొంటే తూకం అయిపోయాక పైన ఒక చిన్న వంకాయ, నూనె కొంటే కొలత నిండాక గరిటె అంచున వేలాడే చుక్క, బట్టల అంగట్లో గజంబద్ద దాటి ఇంకో బెత్తెడు గుడ్డ. అది అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు, ఇచ్చినందుకు గొప్పలు పోనక్కర్లేదు. అడిగేవాడి హక్కు, ఇచ్చేవాడి మర్యాద. ఇప్పటి అంగళ్ళలో త్రాసుల మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి గాని, ఆ అంకెల మీద పడవలసిన చివరి వంకాయ ఎక్కడికి పోయిందో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగడం మానలేదు (అందుకే మా వీధి కూరగాయల అంగడివాడు నన్ను చూస్తే సెల్‌ఫోను చెవికి పెట్టుకుంటాడు). ఆ కొసరు పోయి పోయి ఆకాశంలో తేలిందనీ, దానికిప్పుడు మైళ్ళని పేరు పెట్టారనీ, కావాలంటే ముందు బ్యాంకు కార్డొకటి ఎన్నుకోవాలనీ నాకు ఈ మధ్యనే తెలిసింది.

చెప్పింది మా మనవరాలు. బెంగుళూరులో ఆసుపత్రులకు యంత్రాలు అమ్మే కంపెనీలో పనిచేస్తుంది. వారంలో సగం రోజులు ఆ పిల్ల నేల మీద ఉండదు. ఢిల్లీలో అల్పాహారం, గౌహతిలో భోజనం, శనివారం తెల్లారేసరికి మదనపల్లెలో మా ఇంట్లో దుప్పటి ముసుగు. అటువంటి ఒక శనివారం లేచి, కాఫీ తాగుతూ, నా ముందు ఫోను పెట్టింది. “తాతా, ఇన్ని తూర్లు ఎగిరి ఒక్క పాయింటు గూడా మిగిలించుకోలేదని ఆఫీసులో నన్ను సూసి నవ్వతాండారు. టికెట్లు నా కార్డుతో కొనేది, దుడ్లు తర్వాత కంపెనీ ఇచ్చేది. ఆ కార్డేదో మైల్స్ ఇచ్చే కార్డయితే బాగుంటాది గదా. మూడు ఉండాయి. ఒకటి తేల్చి చెప్పు.”

నన్నెందుకు అడిగిందంటే, మా ఇంట్లో చిన్న అక్షరాలు చదివేది నేనే. మందుసీసా మీది కాగితమైనా, మిక్సీ వారంటీ అయినా భూతద్దం పెట్టుకుని చివరిదాకా చదవనిదే నాకు నిద్ర పట్టదు. బడిలో నేను నేర్చుకున్నది తక్కువ. నా ఇంగ్లీషు కుప్పం స్టేషనులో ప్రయాణికులు వదిలేసి పోయిన దినపత్రికల్లోంచి వచ్చింది (అందుకే నాకు ఇంగ్లీషులో క్రికెట్ బాగా తెలుసు, వంటల గురించి ఏమీ తెలియదు). పెద్ద అక్షరాల్లో ఇచ్చినదాన్ని నక్షత్రం గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో లాక్కోవడమనే విద్యను కనిపెట్టినవాడెవడో నాకు కనబడితే, వాడి కళ్ళద్దాలు తీసి దాచిపెట్టి, వాడి రాతే వాడిచేత చదివించాలని నాకు చాలాకాలంగా కోరిక.

కాని అసలు సంగతి వేరే ఉంది. అప్పటికి నేను విమానం ఎక్కలేదు. ఎక్కాలని లేక కాదు. నా మనసులో ఆ కోరిక ఎప్పటినుంచి ఉందో, ఎందుకు ఉందో కొంచెం ఆగి చెబుతాను. మనవరాలు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ, “నేను టికెట్లు తీస్తా, నువ్వూ అవ్వా రాండి” అంటూనే ఉంది. నేను ఒప్పుకోలేదు. చిన్నపిల్ల జీతంతో గాల్లోకి లేచే తాత కిందికి ఏ ముఖంతో దిగుతాడు? పోనీ నేనే కొందామంటే, టికెట్టు ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. ధర నిలకడగా లేని సరుకు నేను కొనను. ఇలా నా పౌరుషానికీ నా కోరికకూ మధ్య ఏళ్ళు గడిచిపోయాయి. ఆ శనివారం ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, నా ముఖం చూడకుండా, మెల్లగా అంది: “మైల్స్‌తో వచ్చే టికెట్టు నా జీతం కాదు తాతా. కంపెనీ టికెట్టు కొనె, విమానమోడు కొసరేసె. కొసరు వద్దంటావా నువ్వు?”

జీవితమంతా కొసరు హక్కని వాదించినవాణ్ణి, ఇప్పుడేమనాలి? “అయితే కార్డు నేనే ఎంచుతా” అన్నాను. సరిగ్గా ఎంచితే విమానం ఎక్కుతాను. తప్పు కార్డు ఎంచితే ఆ పాయింట్లు ఎక్కడో ముక్కిపోతాయి, అవి ముక్కిపోయేలోపల నేనే ముక్కిపోతాను. నా వయసులో రెండోసారి ఎంచుకోవడానికి వ్యవధి ఉండదు.

ఒకటి నల్ల కార్డు, ఒకటి బంగారు రంగుది, ఒకటి నీలం. నల్లదాని గొప్ప ఏమిటంటే, చేరిన రోజే కుప్పలుగా పాయింట్లు పోస్తారు. బంగారు దానితో విమానాశ్రయంలో మెత్తటి కుర్చీలున్న గదిలోకి రానిచ్చి తిండి పెడతారు. (“తిండి పెడతారంటనే!” అని మా ఇంటామె వంటింట్లోంచి ఆశగా అంది. “యాల, ఈడ నీకు పెట్టడం లేదా?” అన్నాను. “ఈడ వండేది నేను” అంది.) నీలం కార్డు ఒక్క విమాన కంపెనీకే కట్టుబడినది. గొప్పలేమీ లేవు. ఆ విమానం ఎక్కినప్పుడల్లా కొంచెం కొంచెంగా పడుతుంది, ఎక్కుతున్నంతకాలం మురిగిపోదు.

మనవరాలి మనసు నల్లదాని మీద ఉంది. దాని లెక్కలు ఫోనులో వేసుకుని వచ్చింది. నాకూ, దాచడమెందుకు, ఆ కుప్ప చూసి నోరూరింది. అయినా ఆ కార్డు బ్యాంకువాళ్ళ సహాయం నంబరుకు ఫోను చేయించాను. చాలాసేపు పాట వినిపించి, తర్వాత ఒక అమ్మాయి తీయగా తెలుగులో పలికింది.

“మీరు కార్డ్ హోల్డరా సార్?”

“కాదమ్మా, కాబోయే కార్డ్ హోల్డరు తాతను. మొదటి ఏడు కుప్ప పోస్తారు, సరే. రెండో ఈత మాటేంది?”

“సార్?”

“రెండో సంవత్సరం. ఆవు రెండోతూరి ఈనినాక పాలెంత?”

ఆ అమ్మాయి దగ్గింది. “సార్, కాల్ రికార్డ్ అవుతుంది సార్” అంది. ఆపైన గొంతు తగ్గించి, “మాది కలకడ సార్. మా ఇంట్లో ఆవులుండాయి” అని మాత్రం చెప్పి, మళ్ళీ తీయగా, “ఇంకేమైనా సహాయం కావాలా?” అంది. రెండో ఏడు పాలు లేవని చెప్పకనే చెప్పింది. ఇంకేం కావాలి? బిడ్డ చల్లగా ఉండాలి.

భూతద్దం మళ్ళీ తీశాను. దొరికింది. ఆ కుప్పను విమానం టికెట్టుగా మార్చబోతే సగానికి సగం కరిగిపోతుంది. కరగకుండా వాడుకోవాలంటే ఆ బ్యాంకువాళ్ళ సొంత అంగట్లోనే వాడుకోవాలి, అక్కడ ఉండేవి గోడగడియారాలూ, చేతిసంచులూ, ఇస్త్రీపెట్టెలూ. నేనింకా, “ఇస్త్రీపెట్టె గూడా పనికొచ్చేదే గదా” అని నసుగుతుండగా, మా ఇంటామె చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

“ఏమయ్యా, మళ్ళా పాత పలుపు అడగతాండావా?”

“పాత పలుపేంది అవ్వా?” అంది మనవరాలు.

“మీ తాతనే అడుగు. సిగ్గుంటే చెప్తాడు.”

నాకు సిగ్గుంది గనకనే ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై దాటాయేమో. కుప్పంలో వేరుశనగ మండీలో కొత్తగా కుదిరాను. మా అమ్మ సదుం పక్కన పల్లెలో ఉండేది. “నీ సంపాదన నాకేమీ వద్దు, వాకిట్లో ఒక ఆవుంటే సాలు” అని ఆమె ఒక్కటే కోరింది. అంచేత పుంగనూరు పశువుల సంతకు పోయాను. తోడుగా మా మేనమామ వచ్చాడు. ఆయన్ను అందరూ మీసాల మామ అనేవాళ్ళు. పశువు పళ్ళు చూసి వయసు, నడక చూసి గుణం, యజమానిని చూసి అబద్ధం కనిపెట్టగల మనిషి. సంతలో నాకు ఒక పొట్టి తెల్లావు కనిపించింది. నా నడుం దాకా ఉంటుంది. కళ్ళకు ఎవరో కాటుక పెట్టినట్టుంది. దాని పక్కన తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. “పొదుగు సూసి మురవద్దు అల్లుడా, నిన్న సాయంత్రం నుంచీ పిండకుండా తెచ్చింటారు” అని మామ చెవిలో చెప్పాడు. నేను అప్పటికే మురిసిపోయి ఉన్నాను.

మా వైపు పశువుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ చేరినవాళ్ళకు తెలియకూడదు గదా. “కొనేటోడివి నువ్వు, నీ చెయ్యే పెట్టాల” అన్నాడు మామ. పెట్టాను. అయితే నాకు అరచేతిలో చక్కిలిగిలి. ఆ పెద్దాయన వేలు నొక్కినప్పుడల్లా నేను కిసుక్కున నవ్వి చెయ్యి గుంజుకునేవాణ్ణి. తన ధర విని వెక్కిరిస్తున్నాననుకుని ఆయన తగ్గించుకుంటూ పోయాడు. చివరికి తువ్వాలు తీసేసి, “సాలించప్పా, నీకో నమస్కారం, తోలుకుపో” అన్నాడు. మీసాల మామ నన్ను కొత్తగా చూశాడు. నేనూ నన్ను కొత్తగా చూసుకున్నాను. ఆ మత్తులో అడిగాను, “సరే పెద్దాయనా, కొసరు?”

“ఏం కావాల?”

“ఆ పలుపు ఇయ్యి.”

చుట్టూ ఉన్నవాళ్ళు మా వైపు తిరిగారు. పశువును అమ్మినవాడు దాని మెడకు కట్టిన పలుపు తాడు ఇవ్వడు. విప్పి తన కొట్టానికి తీసుకుపోతాడు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుంటాడు. మా మామ భుజాన కొత్త జనపనార పలుపు చుట్టుకునే నిలబడి ఉన్నాడు. “ఒరే, ఆవును కొంటాండావా, దాని పుట్టింటిని కొంటాండావా? పాత పలుపుంటే అది పాత కొట్టానికే పోతాది రా!” అన్నాడు. నేను పేపర్లు చదివేవాణ్ణి గదా, ఊరుకుంటానా? “పలుపుతో దారి తెలిసేటట్టయితే పోలీసోళ్ళు కుక్కల్ని యాల పెంచుతారు మామా, ఆవుల్నే పెంచుతారు” అన్నాను. జనం నవ్వారు. ఎర్ర తువ్వాలు పెద్దాయన కూడా నవ్వాడు. “కుర్రోడు ముచ్చటపడి అడిగినాడు. తీసుకోనీ. మాది గంగవరం పక్కన పల్లె అప్పా, ఎప్పుడన్నా అటు వస్తే సంగటి తినిపోదువు” అని పలుపు నా చేతిలో పెట్టాడు. మామ కొత్త పలుపుతో సహా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఆవును తోలుకుని సదుం దారి పట్టాను. మధ్యాహ్నం వాలుతోంది. రోడ్డుకు అటూ ఇటూ కోసేసిన వేరుశనగ చేలు, మట్టి వాసన, గాలి లేదు. ఆవు నా పక్కన, నేను దాని పక్కన, మా ఇద్దరి నీడలూ పక్కపక్కనే. అప్పుడు విమానం వచ్చింది. ముందు వచ్చింది శబ్దం కాదు, ఒక మెరుపు. దక్షిణాన కుప్పం వైపు ఆకాశంలో సూది మొనంత వెండి. అది బెంగుళూరు నుంచి మద్రాసుకు పోయేదని మండీలో ఎవరో చెప్పగా విన్నాను. దాని శబ్దం దానికంటే బాగా వెనకబడి, దారి తప్పిన మనిషిలాగా వచ్చింది. నేను గట్టు మీద కూర్చున్నాను. అందులో కూర్చున్నవాళ్ళకు నేను కనబడతానా? నా ఆవు కనబడుతుందా? పై నుంచి చూస్తే పుంగనూరు సంత చెల్లాచెదురుగా పోసిన శనక్కాయల్లాగా ఉంటుందా? ఆ వెండి చుక్క తూర్పున కరిగిపోయాక కూడా చాలాసేపు అది ఉన్న చోటునే చూస్తూ ఉండిపోయాను. నా ఆయుష్షులో అంత తీరికగా నేను మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

తల దించి చూస్తే చేతిలో పలుపు లేదు. పక్కన ఆవు లేదు.

ఒక గొర్రెలకాపరి కనబడితే అడిగాను. “పొట్టి ఆవా? పుంగనూరు దిక్కు పోతాండాది. నెమ్మదిగానే పోతాండాది, దానికేం తొందరున్నట్టు లేదు” అన్నాడు. పుంగనూరులో అడిగితే పలమనేరు రోడ్డు చూపించారు. ఆ రోడ్డు మీద టీ అంగడివాడు, “దాని మెడ పలుపు కింద పడి ఈడ్సుకుపోతాంటే నేనే ఎత్తి కొమ్ములకు చుట్టినా, కాలికి తగలకుండా” అని తను చేసిన ఉపకారం చెప్పాడు. రాత్రికి ఎవరిదో అరుగు మీద పడుకుని, పొద్దున్నే గంగవరం పక్క పల్లె చేరేసరికి, నా ఆవు తన కొట్టంలో తన గుంజ దగ్గర కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. ఒక అమ్మాయి దాన్ని పిండుతోంది.

“ఎవురప్పా నువ్వు?”

“ఆ ఆవును కొన్నోణ్ణి.”

“కొన్నోడు ఆవుకు ముందర వస్తాడా, ఎనకాల వస్తాడా?”

“విమానం సూస్తా ఉంటే...”

ఆ అమ్మాయి పిండడం ఆపి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి అడిగింది. “విమానం పాలిస్తాదా?”

ఎర్ర తువ్వాలు పెద్దాయన లోపలినుంచి వచ్చాడు. తిట్టలేదు. కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, సంగటి పెట్టించి, నేను తింటున్నంతసేపూ ఆవు మెడలోని పలుపు విప్పి చుట్ట చుడుతూ కూర్చున్నాడు. “ఒకటి గుర్తు పెట్టుకో అప్పా. కొసరు అడగొచ్చు. కాని ఇచ్చేటోడు నవ్వతా ఇస్తే మాత్రం తీసుకోగూడదు” అని, తన ఇంట్లోంచి కొత్త పలుపు తెచ్చి కట్టాడు. ఆ పలుపుతో ఆవు బుద్ధిగా నా వెంట వచ్చింది. ఊరు దాటేదాకా వెనక్కి వెనక్కి తిరిగి చూసింది ఆవు కాదు, నేను. మరుసటేడు మీసాల మామే ఆ ఇంటికి సంబంధం మాట్లాడటానికి పోయాడు (ఈసారి తువ్వాలు కప్పలేదు).

“అంటే ఆ పాలు పిండింది...” అని మనవరాలు వాళ్ళ అవ్వ వైపు తిరిగింది.

“మా నాయన మోసం చెయ్యలే. ఈయప్పే ఆకాశం సూసినాడు” అంది మా ఇంటామె, ఇన్నేళ్ళ తర్వాత కూడా అమ్మినవాళ్ళ పక్షాన నిలబడి. “ఆవుకు కొసరు అడిగినాడు. కడాన ఈయప్పే మా ఇంటికి కొసరుగా వచ్చినాడు.”

నల్ల కార్డు సంగతి అక్కడితో తేలిపోయింది. బ్యాంకు నవ్వుతూ ఇస్తోంది. అది ఎటు తిప్పినా తన కొట్టానికే లాగే పలుపు. బంగారు కార్డు మేత ఎక్కువ తినేది, ఏటేటా కట్టవలసినది చూస్తే ఆ గదిలో పెట్టే ఇడ్లీలు వెండివై ఉండాలి. నీలం కార్డు తీసుకోమన్నాను. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టెయ్యాలని ఒట్టు కూడా వేయించుకున్నాను. గడువు దాటితే కొసరు మాట అలా ఉంచి కొంపే పోతుంది.

“ఒక్క కంపెనీకే కట్టేసుకున్నట్టు గదా తాతా? ఇది గూడా పలుపే.”

“పలుపేలే. పలుపు లేకుండా ఎవురూ ఏమీ ఇయ్యరు. అది ఎవురి కొట్టానికి లాగుతాదో సూసుకోవాల. నువ్వు ఎక్కువగా ఎక్కేది ఆ విమానమే గదా?”

“మిగతా రోజులు యాదైనా ఒకటే. శుక్రవారం పనైనాక రాత్రికి బెంగుళూరుకు రాను నాకు కుదిరేది మాత్రం అదొక్కటే.”

నేను భూతద్దం తుడుచుకున్నాను. మా ఇంటామె ఒక్క చూపు చూసింది. “ఆ శుక్రవారం విమానం కోసరమే ఎంచినాడు పాపా. నువ్వు శనివారానికి ఈ కొట్టం చేరాల గదా” అంది. అద్దంలో నిజంగానే మరక ఉంది. దాన్ని చాలాసేపు తుడిచాను.

కాలం గడిచింది. ఆ పిల్ల ఎగురుతూనే ఉంది. నేను ప్రతి శనివారం, “పొదుగు నిండిందా?” అని అడిగేవాణ్ణి, “నిండుతాండాది” అనేది. ఒక శనివారం, “పిండుదామా?” అంది. బెంగుళూరు నుంచి చెన్నైకి మూడు సీట్లు. మైళ్ళు పోను ఇంకా పన్నులేవో కట్టాలన్నారు. అవి మాత్రం నేనే కట్టాను. అంత పౌరుషమైనా మిగలాలి గదా మనిషికి.

కిటికీ సీటు నాది. నడుమ మా ఇంటామె, ఆ చివర మనవరాలు. నేల మమ్మల్ని వదిలినప్పుడు నా చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. ఈసారి చక్కిలిగిలి పుట్టలేదు. పైకి చేరాక టీ తెచ్చారు. మా ఇంటామె ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, మూతి తిప్పింది. “ఇస్తాదిలే విమానం గూడా. నీళ్ళ పాలు.”

నేను వినిపించుకునే స్థితిలో లేను. కింద మబ్బులు చీలి, చెరువుల తునకలు మెరిశాయి. “ఇప్పుడు మనూరి దిక్కే తాతా” అంది మనవరాలు, ముందు సీటు తెర మీద పటం చూసి. ఎర్రటి నేల, దాని మీద గోటితో గీసినట్టు ఒక రోడ్డు. అది గంగవరానిదో, పుంగనూరుదో, సదుం దారో నాకు తెలియదు. మనిషి కనబడడు, ఆవు అసలే కనబడదు; నా పాత సందేహానికి అదే జవాబు. అయినా అద్దానికి నుదురు ఆనించి వెతికాను. అక్కడెక్కడో గట్టు మీద ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు నోరు తెరుచుకుని ఈ వెండి చుక్కనే చూస్తూ ఉంటాడు. “ఒరే అబ్బోడా, పైకి సూసింది సాలు, పలుపు జారిపోతాండాది” అని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. పక్కకు తిరిగి చూస్తే మా ఇంటామె నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. చెప్పకుండా ఊరుకున్నాను. జారిపోతే పోనీలే అనుకున్నాను.